బొమ్మలంటే ఇష్టమన్న పిల్లని ఎక్కడికి పంపుతారు?

జూనియర్ కాలేజీల ప్రిన్సిపాల్ గార్లకు, అడ్మిషన్ల కౌంటర్లో కూర్చునే సార్లకు, మేడమ్‌లకు,

నమస్కారమండి. నాది రాజమండ్రి. మందుల షాపు నడుపుకుంటాను. చదువుల సంగతి మీకు చెప్పేంతటి వాణ్ణి కాదు. అయితే మా అమ్మాయికి కాలేజీ వెతకడంలో ఒక ఏడాది పోగొట్టుకున్నాను. అది ఎలా పోయిందో చెబితే ఇంకో పిల్లకైనా పోకుండా ఉంటుందేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ కాగితాలకి కరువు లేదు. షాపుకి సరుకు వచ్చే అట్టపెట్టెలు, సిరప్ సీసాల డబ్బాలు విప్పేసి లోపలి వైపున బొమ్మలు వేసేది. ఒక పక్క ‘పిల్లలకు అందకుండా ఉంచండి’ అని ఉంటుంది, తిప్పి చూస్తే గుడి స్తంభం మీద సింహం ఉంటుంది. పిల్లలందరికీ ఉండే సరదాయే కదా అనుకున్నాం. కాదని ఎనిమిదో తరగతిలో తెలిసింది. మా ఊళ్ళో రాళ్ళబండి సుబ్బారావు మ్యూజియం ఉంది. అక్కడ ఒక విగ్రహం ముందు అరగంట నిలబడి బొమ్మ వేసుకుంది. ఇంటికొచ్చాక అడిగింది: “నాన్నా, ఆ విగ్రహానికి ముక్కు ఎవరు పగలగొట్టారు?” నాకు తెలీదన్నాను. “మరి ఎవరికి తెలుస్తుంది?” అంది.

ఆ రెండో ప్రశ్నకి జవాబు వెతకడానికి మాకు ఐదేళ్ళు పట్టింది.

పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయి. అదే చిక్కయింది. తక్కువ వచ్చి ఉంటే పిల్లకి నచ్చిన గ్రూపులో వేసేవాళ్ళమేమో. మంచి మార్కులు కాబట్టి ఎంపీసీ అన్నారు చుట్టాలంతా. ఒక కార్పొరేట్ కాలేజీకి తీసుకెళ్ళాను. పేరెందుకు లెండి. కౌంటర్లో ఉన్న సారు, “ఐఐటీ బ్యాచా, ఎంసెట్ బ్యాచా?” అనడిగాడు. (పేరు ఈఏపీసెట్ అని మారి ఎన్నాళ్ళయినా అందరి నోట్లో ఇంకా ఎంసెట్టే.) మా అమ్మాయి, “హెచ్ఈసీ ఉందా సార్?” అంది, చరిత్ర, ఎకనామిక్స్, సివిక్స్ ఉండే గ్రూపు. ఎవరైనా నా షాపుకొచ్చి అరకిలో ఉల్లిపాయలు ఇమ్మంటే నేనెలా చూస్తానో ఆయన అలా చూశాడు. కోపం లేదు, వెటకారమూ లేదు. పాపం, పిల్ల దారి తప్పి వచ్చిందన్నట్టు చూశాడు. నేనూ తలొంచుకుని ఎంపీసీకి ఫీజు కట్టేశాను. కాబట్టి తప్పు ఆయన ఒక్కడిదే అనను.

రెండో భాష సంస్కృతం ఇచ్చారు, మార్కులు బాగా పడతాయని. రెండేళ్ళు చదివింది, పరీక్షంతా తెలుగు లిపిలో రాసింది, తొంభై ఎనిమిది తెచ్చుకుంది. ఒక్క శ్లోకానికి సొంతంగా అర్థం చెప్పమంటే చెప్పలేదు. శాసనాల జోలికి పోదామనుకునే పిల్లకి అంతకన్నా అక్కరకొచ్చే భాష ఇంకేముంటుంది చెప్పండి. ఇప్పుడు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటోంది.

రెండో ఏడాదిలో ఒక పూట కెరీర్ కౌన్సెలింగ్ పెట్టి తల్లిదండ్రుల్ని కూడా పిలిచారు. నేను ధైర్యం చేసి లేచి, “మా పిల్లకి బొమ్మలన్నా చరిత్రన్నా ఇష్టమండి, ఏం చదివించమంటారు?” అని అడిగాను. వచ్చిన పెద్దమనిషి చాలా మర్యాదగా, “డిజైన్ చేయించండి, మంచి ప్యాకేజీలున్నాయి” అన్నాడు. హాల్లో అందరూ బాగుందన్నట్టు తలూపారు. నేనూ ఊపాను.

డిజైన్ చదువుని తక్కువ చేయడం లేదండి. ఎన్ఐడీ మన రాష్ట్రంలోనే ఉంది, నిఫ్ట్ హైదరాబాద్‌లో ఉంది, చేరిన పిల్లలు బాగానే స్థిరపడుతున్నారు. కాకపోతే రేపు మనం కూర్చోబోయే కుర్చీ ఎలా ఉండాలో ఆలోచించే చదువు అది. మా అమ్మాయి అడిగేదల్లా, రెండు వేల ఏళ్ళ కిందట ఖాళీ సింహాసనం చెక్కి అదే బుద్ధుడని ఎందుకు దండం పెట్టారని. డాక్టరు చీటీలో రాసిన పేరు సగం కలిసిందని ఇంకో మందు చేతిలో పెట్టినట్టుంది ఆ సలహా. మా వ్యాపారంలో అలా చేస్తే లైసెన్సు పోతుంది.

తర్వాత ఇంటర్ పరీక్షల హడావుడి. ఆ హడావుడిలోనే సీయూఈటీ దరఖాస్తు గడువు వచ్చింది, పోయింది. అలాంటి పరీక్ష ఒకటుందని, ఢిల్లీ, బెనారస్, హైదరాబాద్ లాంటి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్లు 2022 నుంచి దాని మీదే ఇస్తున్నారని, తెలుగులో కూడా రాయొచ్చని నాకు మే నెలలో తెలిసింది. అదీ మీలో ఎవరూ చెప్పలేదు. షాపులో షుగర్ మాత్రలు కొనుక్కుంటూ ఒకాయన ఫోన్లో తన మేనల్లుడి గురించి మాట్లాడుతుంటే నా చెవిన పడింది.

ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది. ఇంజనీరింగ్ సీటూ వచ్చింది. పిల్ల చేరనంది. ఇంట్లో రెండు నెలలు ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూసుకోలేదు. వాళ్ళమ్మకి టెన్షన్‌తో బీపీ మొదలైంది. మందు మాత్రం షాపులోంచే. చివరికి ఆ ఏడాదంతా అమ్మాయి కౌంటర్లో నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

మా దగ్గర నెల నెలా మందులు తీసుకెళ్ళే రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు ఒకాయన ఉన్నారు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి ఊళ్ళో ఎంతమందిని కూర్చోబెట్టారో లెక్క లేదు. ఒకరోజు అట్టల మీద బొమ్మలు చూసి, బిల్లు సంగతి మర్చిపోయి, అమ్మాయిని అడిగారు.

“నీకు బొమ్మ వేయడం కావాలా తల్లీ? ఎవరో వేసిన బొమ్మని చదవడం కావాలా? లేకపోతే ఆ బొమ్మ పుట్టిన కాలం, ఆ రాజ్యం, ఆ జనం సంగతులు కావాలా?”

మా అమ్మాయి అప్పుడేమీ అనలేదు. మర్నాడు షట్టర్ వేస్తుంటే చెప్పింది: “రెండోది నాన్నా. నేను బొమ్మ వేసేది చూడ్డానికే. వేస్తే తప్ప నాకు ఏదీ సరిగ్గా కనబడదు.”

అయ్యా, అమ్మా, నేను మీ అందరినీ అడిగేది ఇదే. ఈ ప్రశ్న ఇంటర్ మొదటి ఏడాదిలో మీరెవరైనా అడిగుంటే మాకు ఆ ఏడాది మిగిలేది. ‘ఆర్ట్, హిస్టరీ’ అని పిల్ల ఒక్క గుక్కలో అనేస్తుంది. అందులో మూడు దార్లున్నాయి, మూడింటికీ కాలేజీలు వేరు, పరీక్షలు వేరు, తేదీలు వేరు. ఏ దారో తేలకుండా కాలేజీ పేర్లు ఎన్ని చెప్పినా లాభం లేదు.

బొమ్మ వేయడమే కావాలన్న పిల్లకి బీఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ. నాలుగేళ్ళ చదువు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ) ఉంది. విశ్వవిద్యాలయంగా అయింది 2008లోనే గానీ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ 1940 నాటిది. చిత్రలేఖనం, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ ఉన్నాయి. దానికి ఫాడీ అని ప్రవేశ పరీక్ష. ఇటు కడపలో 2020లో పెట్టిన డాక్టర్ వైఎస్ఆర్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది, దానికి ఏడీసెట్. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఉండనే ఉంది. ఇంకాస్త దూరం వెళ్ళగలిగితే 1850 నాటి చెన్నై ప్రభుత్వ లలితకళల కళాశాల, బెంగళూరు చిత్రకళా పరిషత్, బరోడా, శాంతినికేతన్. ఈ పరీక్షల్లో పిల్ల చేత బొమ్మ వేయిస్తారు. మెటీరియల్ బట్టీ పట్టి రాసేది కాదు, చెయ్యి ఆడాలి. అది రెండు నెలల క్రాష్ కోర్సుతో రాదు. అందుకే మొదటి ఏడాదిలోనే తెలియాలి అంటున్నాను. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన లక్ష్మా గౌడ్, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం, ఈ ఇద్దరు పేరున్న చిత్రకారులూ హైదరాబాద్‌లో నేర్చుకుని తర్వాత బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నవాళ్ళే. మన పిల్లలకి కొత్త దారేమీ కాదిది.

చరిత్ర కావాలన్న పిల్లకి బీఏ. అన్నిటికన్నా సులువుగా దొరికేది ఇదే, అందరూ చిన్నచూపు చూసేదీ ఇదే. ఢిల్లీ కాలేజీల్లో హిస్టరీ ఆనర్స్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ళ ఎంఏ ఉంది. బెనారస్‌లో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్రానికే ప్రత్యేకంగా ఒక శాఖ ఉంది. వీటికి సీయూఈటీ రాయాలి. చరిత్ర పేపరు ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకాల మీద ఉంటుంది, మన ఇంటర్ పుస్తకం చదివితే సరిపోదు. మా అమ్మాయి ఆ ఏడాది స్టూలు మీద కూర్చుని చదివింది ఆ పుస్తకాలే. ఒకరోజు కస్టమర్ ఎదురుగా ఉండగానే, “నాన్నా, ఇది విను” అని మొదలుపెట్టింది. సాంచీ స్తూపం ఎందుకు నిలిచింది, అమరావతి స్తూపం ఎందుకు నిలవలేదు అని ఒక పాఠంలో ఉందట. 1796లో గుడి కట్టడానికి రాళ్ళ కోసం చూసిన స్థానిక రాజుకి అమరావతి స్తూపం దిబ్బ దొరికిందని, తర్వాత దొరలు పలకలు ఒక్కొక్కటే పట్టుకుపోయారని, గుంటూరు కమిషనర్ వాల్టర్ ఇలియట్ కొన్నిటిని మద్రాసుకి తరలించాడని. సాంచీ తర్వాత కంటబడింది కాబట్టి, ఉన్నచోటే కాపాడాలన్న తెలివి అప్పటికి వచ్చింది కాబట్టి బతికిపోయిందట. మన గుంటూరు పక్కన జరిగిన కథ ఢిల్లీ పుస్తకంలో చదివితే తప్ప మాకు తెలియలేదు. ఆ కస్టమర్ కూడా మందులు తీసుకోవడం మర్చిపోయి విన్నాడు.

ఇక రెండో దారి, వేసిన బొమ్మని చదవడం. కళా చరిత్ర అంటారు. డిగ్రీలోనే దీన్ని చెప్పే చోట్లు దేశంలో బాగా తక్కువ. బరోడా ఎంఎస్ యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీ 1950లో మొదలైంది, అందులో కళా చరిత్రకీ సౌందర్య శాస్త్రానికీ విడిగా శాఖ ఉంది. శాంతినికేతన్ కళాభవన్ 1919 నాటిది, నందలాల్ బోస్ నడిపిన చోటు, అక్కడా కళా చరిత్ర శాఖ ఉంది. బెనారస్‌లో బీఏలో ఒక సబ్జెక్టుగా తీసుకోవచ్చు. మిగతా చోట్ల ఈ తలుపు పీజీలోనే తెరుచుకుంటుంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్, ఢిల్లీలో జేఎన్‌యూ వాళ్ళ స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ ఈస్తటిక్స్, ఇదివరకు నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ అని పిలిచిన నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్. పురావస్తు శాస్త్రం వైపు వెళ్తే పుణె దక్కన్ కాలేజీ.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇది తెలియకే నేను ఆ ఏడాదంతా నిద్ర పాడుచేసుకున్నాను. ఈ దారిలో డిగ్రీ దగ్గర బండి తప్పిపోయినా ఏమీ మునిగిపోదు. దగ్గర్లో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఏ చరిత్ర శ్రద్ధగా చదివి, చేతిలో పెన్సిల్ వదలకుండా, మూడేళ్ళ తర్వాత పీజీకి వెళ్ళొచ్చు. ఆడపిల్లని పదిహేడేళ్ళకే రెండు రాత్రుల రైలు దూరం పంపలేని ఇళ్ళు చాలా ఉంటాయి. వాళ్ళకి మీరు చెప్పాల్సిన మాట ఇది. “అయితే ఇక లాభం లేదు, బీకాం కంప్యూటర్స్ చేయించండి” అనేది కాదు.

మేం బరోడాకే పెట్టాం. వాళ్ళ ప్రవేశ పరీక్ష వాళ్ళే పెట్టుకుంటారు. విజయవాడ వెళ్ళి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నేను పులిహోర పొట్లం, పిల్ల అట్టల కట్ట. ఆ అట్టలు తేవద్దన్నాను, కాస్త మంచి డ్రాయింగ్ షీట్ల మీద మళ్ళీ వేసుకోమన్నాను. వినలేదు. ఇంటర్వ్యూలో వాళ్ళు ఎక్కువ సేపు చూసింది ఆ అట్టలేనట. తర్వాత ఒక ఫొటో ముందు పెట్టి ఏం కనబడుతోందో చెప్పమన్నారు. గుండ్రటి రాతి పలక. అమరావతిది. నలగిరి అనే మదపుటేనుగుని బుద్ధుడు లొంగదీసిన కథ. అసలు పలక చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. మా బావగారి కంటి ఆపరేషన్‌కి చెన్నై వెళ్ళినప్పుడు అక్కడ దాని ముందు కూర్చుని బొమ్మ వేసింది మా పిల్ల.

“ఏనుగులు ఎన్ని?” అని అడిగారట. రెండు కనబడతాయి కానీ ఏనుగు ఒక్కటే అని చెప్పింది. ఒక పక్క అది వీధిలో జనాన్ని తొక్కుకుంటూ వస్తోంది, ఇంకో పక్క అదే ఏనుగు మోకాళ్ళ మీద వంగింది. ముందు జరిగింది, తర్వాత జరిగింది ఒకే రాతిలో. మేడ మీద కిటికీల్లోంచి తొంగి చూస్తున్న ఆడవాళ్ళ గురించి కూడా చెప్పిందట, భయంతో ఒకరినొకరు పట్టుకుని ఎలా ఉన్నారో. “అది నీకెలా గుర్తుంది?” అంటే, “వేశాను కదండీ” అందట. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పిందో నాకు తెలీదు. బయట వేపచెట్టు కింద కూర్చున్న నాకు తెలుగులోనే చెప్పింది.

సీటు వచ్చింది. ఇప్పుడు అక్కడే చదువుతోంది.

కాలేజీ ఎంచుకోవడంలో నాకు తెలిసొచ్చిన సంగతి ఇంకొకటుంది. ఈ చదువుకి కాలేజీ ర్యాంకు కన్నా ఊరు ముఖ్యం. గేటు దగ్గర్నుంచి మ్యూజియం ఎంత దూరమో చూడాలి. బరోడాలో కాలేజీకి నడిచే దూరంలోనే సయాజీబాగ్ తోటలో మ్యూజియం ఉంది. రాజమహల్ ఆవరణలో ఫతేసింగ్ మ్యూజియంలో రవివర్మ బొమ్మలున్నాయి. బెనారస్ క్యాంపస్ లోపలే భారత్ కళాభవన్ ఉంది, సారనాథ్ ఊరి పక్కనే. ఢిల్లీలో నేషనల్ మ్యూజియం. మన హైదరాబాద్‌లో సాలార్‌జంగ్, పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం, చుట్టూ కుతుబ్‌షాహీ కట్టడాలు. సంవత్సరానికి లక్షలకు లక్షలు కట్టించుకునే కొత్త ప్రైవేటు యూనివర్సిటీలు కొన్నిటి బ్రోచర్లు కూడా చూశాను. భవనాలు అద్దాల్లా మెరుస్తున్నాయి, మంచి మాస్టర్లూ ఉన్నారు, స్కాలర్‌షిప్పులూ ఇస్తారట. కానీ చుట్టూ పొలాలే. ఒక పాత విగ్రహం ముందు కూర్చోవాలంటే బస్సెక్కాలి.

ఇంకొకటి, ఏ కాలేజీకి వెళ్ళినా నేను ప్లేస్‌మెంట్ల గురించి అడగడం మానేసి, “పోయిన ఏడాది పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళారండీ?” అని అడిగేవాణ్ణి. హంపి అనో, అజంతా అనో, కనీసం పక్క ఊరి గుడి అనో టక్కున చెప్పారంటే అక్కడ చదువు జరుగుతున్నట్టు. మొహమొహాలు చూసుకున్నారంటే, చెప్పే మాస్టర్లందరూ గెస్ట్ ఫ్యాకల్టీయో కాదో ఇంకోసారి కనుక్కోవాలి. గెస్ట్ మాస్టర్లని అనడం లేదండి, వాళ్ళ జీతాలే సరిగా అందనప్పుడు పిల్లల్ని టూరుకి ఏం తీసుకెళ్తారు?

మీరు ప్రిన్సిపాళ్ళు కాబట్టి మా ఊరి ప్రిన్సిపాల్ ఒకాయన సంగతి చెప్తాను. నూట పదేళ్ళ కిందట రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అని ఇంగ్లీషాయన ప్రిన్సిపాల్. స్వయంగా బొమ్మలు వేసేవాడు. కుర్రాళ్ళని వెంటబెట్టుకుని అజంతా చూపించుకొచ్చేవాడు. అడివి బాపిరాజు గారు ఆయన శిష్యుడే. ఇంకో కుర్రాడు దామెర్ల రామారావు. ఆ పిల్లాడి చేతిలో ఏముందో చూసి ఆయన పట్టుబట్టి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కి పంపించాడు. రామారావు అక్కడ చదువుకుని, తిరిగొచ్చి మా ఊళ్ళోనే చిత్రకళ నేర్పే బడి పెట్టాడు. 1925లో మశూచి వచ్చి పోయాడు. పుట్టింది 1897లో. ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆ కాస్త వయసులో వేసిన బొమ్మలతోనే ఇవాళ్టికీ మా ఊళ్ళో ఆయన పేరున గ్యాలరీ ఉంది. మా అమ్మాయి ప్రతి సెలవులకీ వెళ్ళి ‘సిద్ధార్థ రాగోదయం’ ముందు నిలబడి వస్తుంది. అందులో ఏముందో నాకు వివరించి చెప్పింది కూడా. సగం అర్థమైంది.

కూల్డ్రే గారి కాలేజీలో చిత్రలేఖనం గ్రూపు లేదు. ఆయన ప్రత్యేకంగా సెంటరూ పెట్టలేదు, బడ్జెట్టూ అడగలేదు. పిల్లాడిని చూశాడు, ఆయనకి ఒక అడ్రసు తెలుసు, అక్కడికి పంపాడు. మీ నుంచి నేనడిగేదీ ఆపాటిదే.

మీ కాలేజీలో హెచ్ఈసీ ఉంటే, పది మందే చేరారని తీసేయకండి. లేకపోతే, హెచ్ఈసీ ఉన్న ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఎక్కడుందో కౌంటర్లోనే చెప్పండి. అడ్మిషన్ ఒకటి పోతుంది మీకు, నిజమే. ఎంపీసీ చదువుతున్న పిల్లలో ఈ ఆసక్తి కనబడినా గ్రూపు మార్చలేమని వదిలేయకండి, ఈ పరీక్షలు చాలావరకు ఏ గ్రూపు వాళ్ళయినా రాయొచ్చు. నవంబర్ వచ్చేసరికి సీయూఈటీ, ఫాడీ, ఏడీసెట్, బరోడా, శాంతినికేతన్ ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, ఎంసెట్ ర్యాంకర్ల ఫ్లెక్సీ పక్కన అంటించండి. ఎన్‌సీఈఆర్‌టీ చరిత్ర పుస్తకాలు లైబ్రరీలో రెండు సెట్లు పెట్టండి, వెయ్యి రూపాయల పని కూడా కాదు. బొమ్మల పరీక్షకి వెళ్ళాలని సెలవు అడిగితే ఇవ్వండి. మా అమ్మాయి స్నేహితురాలు ఒకామె, ఇంకో ఊళ్ళో ఇంకో కాలేజీ, వీకెండ్ టెస్టు ఉందని పంపలేదట. ఆ పిల్ల ఇప్పుడు ఏం చదువుతోందో అడగాలంటే నాకు మనసొప్పలేదు. ఇక ఏడాదికి ఒక్కసారి బస్సు పెట్టండి. మీకు దగ్గరలో ఏదుంటే అది. గుంటుపల్లి, ఉండవల్లి, లేపాక్షి, ఫణిగిరి, రామప్ప. 1213లో కట్టిన రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనందరం వాట్సాప్‌లో తెగ పంచుకున్నాం కదా, మీ పిల్లల్లో దాన్ని చూసినవాళ్ళు ఎంతమందో ఒకసారి చేతులెత్తించండి.

ఉద్యోగాల సంగతి కూడా దాచకుండా చెప్పండి. కుప్పలు తెప్పలుగా ఉన్నాయని నేనూ అనను. పురావస్తు శాఖలో, మ్యూజియాల్లో పోస్టులు కొన్నే, నోటిఫికేషన్లు ఎప్పుడో గానీ పడవు. పీజీ తప్పదు, చాలామంది నెట్ (లెక్చరర్ ఉద్యోగాలకి అర్హత పరీక్ష) రాయాలి. నెట్‌లో విజువల్ ఆర్ట్ ఒక సబ్జెక్టు, మ్యూజియాలజీ ఒక సబ్జెక్టు, చరిత్ర, పురావస్తు శాస్త్రం వేరువేరుగా ఉన్నాయి. పాత బొమ్మల్నీ విగ్రహాల్నీ బాగుచేసే కన్సర్వేషన్ పని ఉంది, గ్యాలరీలున్నాయి, పాఠాలు చెప్పుకోవచ్చు. గ్రూప్స్, సివిల్స్ రాసేవాళ్ళకి చరిత్ర, సంస్కృతి ఎలాగూ కావాలి. స్థిరపడేసరికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. మా చుట్టాలాయన ఈ మాట విని, “ఎనిమిదేళ్ళా!” అని గుండెల మీద చెయ్యేసుకున్నాడు. వాళ్ళబ్బాయి లాంగ్ టర్మ్ రెండేళ్ళు తీసుకుని, ఎంబీబీఎస్ చేసి, ఇప్పుడు పీజీ సీటు కోసం మళ్ళీ కోచింగ్‌లో ఉన్నాడు. ఆ లెక్క ఆయన ఎప్పుడూ కూడుకున్నట్టు లేదు.

మా షాపులో ‘అప్పు అడగవద్దు’ బోర్డు కింద ఒక కాగితం అంటించాను. కాలేజీల పేర్లు, పరీక్షల పేర్లు, ఏ నెలలో వెబ్‌సైట్ చూసుకోవాలో మా అమ్మాయి రాసిచ్చింది. పోయిన ఏడాది ముగ్గురు పిల్లలు ఫొటో తీసుకెళ్ళారు. ఒకడి తండ్రి నాతో పోట్లాటకి కూడా వచ్చాడు, మావాడికి లేనిపోనివి ఎక్కిస్తున్నావని. తర్వాత ఆయనే వచ్చి, కడపలో హాస్టల్ ఎలా ఉంటుందో కనుక్కోగలవా అనడిగాడు.

ఈ ఏడాది తేదీలు ఇంకా దిద్దలేదు, దసరా సెలవులకి అమ్మాయి వచ్చాక కూర్చుని దిద్దాలి. మీ నోటీసు బోర్డుకి ఒకటి కావాలంటే చెప్పండి, జిరాక్స్ తీయించి ఉంచుతాను. షాపు పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పది దాకా తీసే ఉంటుంది. ఆదివారం మాత్రం ఒక్కపూటే.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
రాజమండ్రి